కీరన్ బుద్ధిగా ఉన్నాడట

హాలిఫాక్స్,
సెప్టెంబర్ 14

రోలండ్,

ఉత్తరం చూసి కంగారుపడకు, ఎవరికీ ఏమీ కాలేదు. ఫోన్‌లో చెబుదామంటే నా కొడుకు చెప్పనివ్వడని నీకు తెలుసు. నేను ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే చాలు, పరుగున వచ్చి లాక్కుని కట్ చేసేస్తాడు. ఎదురుగా మనిషి లేకుండా అమ్మ ఒక్కత్తే మాట్లాడుకుంటోందేమిటని వాడికి భయం కాబోలు. ముప్పై ఒక్క ఏళ్ళవాడు, ఆరడుగులవాడు. వాడితో ఫోన్ కోసం కుస్తీ పట్టే వయసా నాది? అందుకే ఈ కాగితం.

సంగతేమిటంటే నా తుంటి ఎముక పూర్తిగా అరిగిపోయింది. కొత్తది వేస్తామంటున్నారు. వేశాక ఆరు వారాలు వంగకూడదు, కారు నడపకూడదు, ఎవరి వెనకా పరుగెత్తకూడదు. "మీ అబ్బాయిని చూసుకునే ఏర్పాటు చేసుకుని రండి, అప్పుడు తేదీ ఇస్తాం" అన్నాడు డాక్టరు. మీ బావ ఉంటే ఈ మాట వచ్చేదే కాదు. ఆయన పోయిన దగ్గర్నుంచి కీరన్ ఒక్క రాత్రి కూడా నన్ను విడిచి ఉండలేదు.

ఊరి కౌన్సిల్ వాళ్ళు లార్చ్ హౌస్ అని ఒక ఇల్లు చూపించారు. ఆటిజం ఉన్నవాళ్ళనీ, కీరన్‌లా నేర్చుకోవడం కష్టమైనవాళ్ళనీ కొద్దిరోజులు ఉంచుకుని చూసుకుంటారు. రెస్పిట్ అంటారు దాన్ని. వాళ్ళకి విడిది, మనకి విశ్రాంతి. ముందు రెండు మూడు సార్లు శనాదివారాలకి పంపి అలవాటు చేసి, ఆపరేషన్ అప్పుడు ఆరు వారాలకీ పంపాలని నా ఆలోచన.

పోయిన వారం మొదటిసారి పంపాను. ఆ ఇల్లు నువ్వు చూడాలి. కాలు పెడితే దిగబడే తివాచీ, గోడకి తనిఖీ వాళ్ళిచ్చిన మంచి మార్కుల కాగితం, దానికి అద్దం కూడాను. నేను మాత్రం రెండు రోజులూ కారు తాళాలు చేతిలో పట్టుకుని కూచున్నాను, ఎప్పుడు వచ్చి తీసుకుపొమ్మంటారో అని. ఎవరూ పిలవలేదు. ఆదివారం వెళ్తే అక్కడి పెద్ద, పౌలా అనే ఆవిడ, నవ్వుతూ ఎదురొచ్చింది. "మీ అబ్బాయి బంగారమండీ. ఎంత బుద్ధిగా ఉన్నాడో!" అంది.

నా కొడుకుని బుద్ధిగా ఉన్నాడన్న మనిషి ఇదే మొదలు, రోలండ్. బళ్ళో అనలేదు, చర్చిలో అనలేదు, మన అమ్మ కూడా అనలేదు. కారులో కూచుని ఏడ్చేశాను. వాడు నా కళ్ళ నీళ్ళు చూసి కారు వైపర్లు వేశాడు.

నీ పడవలూ నువ్వూ ఎలా ఉన్నారు? వానలో తిరగకు.

కుంటుతూనే గాల్లో తేలుతున్న అక్క,
గ్లెండా


ఓబన్,
సెప్టెంబర్ 22

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి సంతోషంతో, రెండోసారి అనుమానంతో, మూడోసారి కళ్ళద్దాలు పెట్టుకుని. కీరన్ బుద్ధిగా ఉన్నాడా? మన కీరనేనా? తొందరలో ఇంకెవరి కొడుకునో కారెక్కించుకుని రాలేదు కదా, ఒకసారి సరిగ్గా చూసుకో.

ఈస్టర్‌కి నేను వచ్చినప్పుడు ఇంట్లో కుళాయిలన్నీ తిప్పి, ఆ నీళ్ళ హోరు మీద రేడియోలో వచ్చే సముద్ర వాతావరణ వార్తలు గొంతెత్తి పాడాడు కదా. "డాగర్! ఫిషర్! జర్మన్ బైట్!" అని ఆ సముద్ర భాగాల పేర్లు వీధి చివరిదాకా వినిపించాయి. పైగా నా చెవి మిషను తీసుకెళ్ళి కస్టర్డ్ గిన్నెలో వేశాడు. కడిగి పెట్టుకున్నా వారం రోజుల పాటు అందరి మాటలూ తియ్యగానే వినిపించాయి. అలాంటివాడు తివాచీ మీద కాలు మీద కాలేసుకుని కూచున్నాడంటే నాకు నవ్వాగలేదు.

ఇక్కడ వాన. పడవల కంటే నేనే ఎక్కువ నానుతున్నాను. ఒకాయన పడవకి రంగు వెయ్యమని తెచ్చి వదిలి, ఏ రంగో చెప్పకుండా వెళ్ళిపోయాడు. ఫోన్ చేస్తే భార్య ఎత్తి "ఆయన ఇష్టం" అంటుంది, ఆయన ఎత్తి "ఆవిడ ఇష్టం" అంటాడు. పెళ్ళి చేసుకోనందుకు ఇలాంటప్పుడే నా తెలివికి నేనే మురిసిపోతుంటాను.

ఆపరేషన్‌కి తేదీ తీసుకో. ఆలస్యం చెయ్యకు.

తడిసిన తమ్ముడు,
రోలండ్


హాలిఫాక్స్,
అక్టోబర్ 4

రోలండ్,

నీకు నవ్వుగానే ఉంటుంది. ఏడాదికోసారి వచ్చి మూడో రోజుకి రైలెక్కేవాడివి. నా కొడుకుని ఎవరైనా ఒక మంచి మాట అంటే, వాడు ఇంకెవరి కొడుకో అయ్యుంటాడనిపించిందా? నీ ఉత్తరాన్ని పొయ్యిలో వేద్దామనుకున్నాను. కరెంటు పొయ్యి కాబట్టి బతికిపోయింది.

రెండోసారి కూడా పంపాను. ఈసారీ బంగారమే. "ఇలాంటివాళ్ళు పదిమంది ఉన్నా మాకు బరువు కాదు" అంది పౌలా. శుక్రవారం నేను తొడిగిన చొక్కాకి ఆదివారానికి చిన్న మరక కూడా లేదు.

ఇంటికొచ్చాక ఏం చేశాడో విను. కోటు విప్పకుండానే మేడ మీదికి పోయి కుళాయిలన్నీ తిప్పాడు. గొంతు బొంగురుపోయేదాకా అరిచాడు. చెయ్యి కొరుక్కున్నాడు. దగ్గరికి వెళ్తే నన్ను తోశాడు, కెటిల్ తీసి గోడకేసి కొట్టాడు. తర్వాత మెట్ల మీదే పడి నిద్రపోయాడు. మర్నాడు మధ్యాహ్నమైనా లేవలేదు.

దీనికి అర్థం ఏమిటో ఎన్ని రకాలుగా ఆలోచించినా నాకు ఒక్కటే తోస్తోంది. అక్కడ బుద్ధిగా ఉంటాడు, ఇక్కడ ఉండడు. అంటే లోపం వాడిలో లేదు, నాలో ఉంది. ఇన్నేళ్ళూ వాడిని చెడగొడుతున్నది నేనే. అందుకని పౌలాని అడిగాను, ఆరు వారాలు కాకుండా ఎప్పటికీ ఉంచుకునే ఇళ్ళు ఏమైనా ఉన్నాయా అని. ఉన్నాయట. "కౌన్సిల్‌కి రాయమంటారా?" అంది. రాయమన్నాను.

రాయమని చెప్పి ఇంటికొచ్చి వాడి సాక్సులు జతలు చూస్తూ కూచున్నాను. ఒక్కటీ జత కుదరలేదు. ఏం చేస్తున్నానో నాకే తెలియడం లేదు.

జవాబు రాయకపోయినా పరవాలేదు.

గ్లెండా


ఓబన్,
అక్టోబర్ 11

అక్కా,

నేను వేళాకోళమాడాను, అంతే. కాగితం మీద నా ముఖం కనపడదు కదా, అందుకే ఇన్ని తిప్పలు. తప్పయిపోయింది.

కౌన్సిల్‌కి రాయకుండా ఆ పౌలాని ఆపు. ఎందుకని అడిగితే సరిగ్గా చెప్పలేను. నాలుగు రోజులుగా పడవ కింద పడుకుని పాత రంగు గీకుతూ ఇదే ఆలోచిస్తున్నాను. కళ్ళలో రంగు పొట్టు పడిందే తప్ప తల తేటపడలేదు.

అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు నన్ను విన్నీ పిన్ని ఇంట్లో దింపారు, గుర్తుందా? నాకప్పుడు ఏడేళ్ళు. "రోలండ్ ఎంత బుద్ధిమంతుడో, ఇంట్లో ఉన్నట్టే తెలియదు" అని పిన్ని రాస్తే, అమ్మ ఇంటికొచ్చాక ఆ ఉత్తరం వీధిలో అందరికీ చూపించింది. ఆ ఇంట్లో మరుగుదొడ్డి ఎటువైపో అడగడానికి కూడా నాకు భయం, అక్కా. ఎలాగైనా మాయమైపోతే బాగుండుననుకుంటూ కుర్చీ అంచున కూచునేవాణ్ణి. ఇంటికొచ్చిన రోజు నేను చేసిన గోల నీకే బాగా తెలుసు.

దీనికీ కీరన్‌కీ ఏం సంబంధమో నాకూ తెలియదు. వాడు నేను కాడు. కానీ పౌలాని "ఎలా ఉన్నాడు" అని అడగడం మానెయ్. "ఏం చేస్తున్నాడు" అని అడుగు.

రంగు పొట్టు తమ్ముడు,
రోలండ్


హాలిఫాక్స్,
అక్టోబర్ 21

రోలండ్,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీ మీద మండిపడ్డాను. నా కొడుకుని భయపడి చచ్చే చోటికి పంపానంటావా? విన్నీ పిన్ని ఏమంత రాక్షసి? నాకైతే ఎప్పుడు వెళ్ళినా జామ్ టార్టులు పెట్టేది. ఆ కోపంలోనే, నువ్వు చెప్పింది తప్పని నీకు రాద్దామని, మూడోసారి వాణ్ణి తీసుకురావడానికి వెళ్ళినప్పుడు అడిగాను.

"ఏం చేస్తుంటాడు పౌలా ఇక్కడ?"

"ఏముందండీ, కూచుంటాడు."

"ఎక్కడ?"

"అదిగో, ఆ కిటికీ పక్క కుర్చీలో. పెడితే తింటాడు. పడుకోమంటే పడుకుంటాడు."

"పాడతాడా?"

ఆవిడ నా ముఖంలోకి చూసింది. "ఎవరండీ?"

"కీరనే."

"కీరన్‌కి మాటలొచ్చా?"

మూడుసార్లు ఉన్నాడు అక్కడ. మూడుసార్లూ వాళ్ళు నా కొడుకు గొంతు వినలేదు. పాడతాడని, నీళ్ళ చప్పుడంటే ప్రాణమని నేను మొదటి రోజే చెప్పాను. "మావాళ్ళకి చెప్పే ఉంటారండీ, కానీ శనాదివారాలకి ఎప్పుడూ కొత్తవాళ్ళే వస్తుంటారు" అంది. అక్కడి కుళాయిలు కూడా నొక్కితే కాస్త వచ్చి వాటంతటవే ఆగిపోయే రకం. పౌలా చెడ్డది కాదు. నా చెయ్యి పట్టుకుని, "అంత నెమ్మదిగా ఉన్నాడు కదమ్మా, పాడకపోతే ఏమైంది?" అని నిజంగానే అడిగింది. ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో నాకు తెలియలేదు.

కౌన్సిల్‌కి రాయొద్దని చెప్పాను. అది ఆగింది. కానీ ఆపరేషన్ తేదీ వచ్చేసింది, నవంబర్ 25. కాదంటే మళ్ళీ వరస చివరికి పొమ్మంటారు. ఇక మిగిలింది టెంటర్ లేన్‌లో ఇలా ఉంచుకునే ఒక పాత ఇల్లు. చూసొచ్చాను. గుమ్మంలోనే క్యాబేజీ వాసన, చిరిగిన సోఫా, లోపల్నుంచి ఎవరో ఎవరిమీదో కేకలు. అలాంటి చోట వాణ్ణి వదలలేను. లార్చ్ హౌస్‌లో వదలలేను. ఈ కాలితో ఇంట్లోనూ చూసుకోలేను. నా కళ్ళు తెరిపించావు, బాగుంది. ఇప్పుడు ఎటు చూడమంటావు?

గ్లెండా


ఓబన్,
అక్టోబర్ 27

అక్కా,

ఆపరేషన్ మానేశావన్నమాట. నాకు తెలుసు నువ్వు ఇలాంటిదేదో చేస్తావని. మానెయ్యకు. నేనొస్తాను. ఆరు వారాలూ వాణ్ణి నేనే చూసుకుంటాను.

ఈ మాట రాసి, కలం పక్కన పెట్టి, టీ తాగి వచ్చాను. అబద్ధం చెప్పలేను, నాకు భయంగా ఉంది. వాడు నన్ను ఒక్క తోపు తోస్తే గోడకి అతుక్కుంటాను. అయినా వస్తాను, నీకు వేరే దారి లేకపోతే.

కానీ దానికి ముందు ఆ క్యాబేజీ ఇంటికి ఒక్కసారి పంపి చూడు. నీకు ముక్కు ఎక్కువ, వాడికి చెవులు ఎక్కువ. అక్కడ కేకలేస్తున్నది ఎవరు, ఎవరిమీద, ఎందుకు? అది రాయలేదు నువ్వు.

భయపడుతున్న తమ్ముడు,
రోలండ్


హాలిఫాక్స్,
నవంబర్ 9

రోలండ్,

నేను ఆపరేషన్ మానేశానని ఎప్పుడు రాశాను? కళ్ళద్దాలు పెట్టుకుని చదవమని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?

శుక్రవారం వాణ్ణి టెంటర్ లేన్‌కి పంపాను. శనివారం పొద్దున్నే ఫోన్ మోగింది. అక్కడ పనిచేసే బెవ్ అనే ఆవిడ. గొంతు చేపల బజారులో ఉన్నట్టుంటుంది.

"ఏమమ్మా గ్లెండా, ఇలాంటివాడని ముందే గట్టిగా చెప్పొద్దా? మేడ మీద స్నానాల గది మడుగైపోయింది. కింద హాల్లో దీపం టప్పుమని పేలింది. అందరి బూట్లూ తెచ్చి ఫ్రిజ్‌లో సర్దాడు. పాట మాత్రం ఆపడు!"

నేను ఏమన్నానో తెలుసా? ముప్పై ఏళ్ళుగా అలవాటైన మాటే. "క్షమించండి, ఇప్పుడే వచ్చి తీసుకెళ్తాను" అని ఫోన్ పెట్టేసి, కాలు ఈడ్చుకుంటూ కారెక్కాను. దారంతా ఏడుస్తూనే ఉన్నాను. పక్కా చెడ్డ ఇల్లు, చెడ్డ కొడుకు, చెడ్డ తల్లి అనుకున్నాను.

గుమ్మంలో బెవ్ ప్యాంటు మోకాళ్ళదాకా మడుచుకుని, తుడుపు కర్ర పట్టుకుని నిలబడి ఉంది. "ఎందుకొచ్చావ్?" అంది.

"తీసుకెళ్ళడానికి."

"తీసుకెళ్ళమని నేనెప్పుడన్నాను తల్లీ? కుళాయి ఎలా కట్టనిస్తాడో అడుగుదామని ఫోన్ చేస్తే, చటుక్కున పెట్టేశావు! ఇంకోటి, జర్మన్ బైట్ తర్వాత ఏమొస్తుంది? తప్పు పాడితే నా మూతి మూసేస్తున్నాడు."

"హంబర్" అన్నాను. లోపలికి తిరిగి "హంబరట!" అని కేకేసింది. వెనక నుంచి ఇద్దరు ముగ్గురు "హంబర్!" అని అరిచారు. అక్కడి కేకలు ఇలాంటివి. ఒకావిడకి చెముడు, ఇంకొకాయనకి కేకలేస్తేనే మాట్లాడినట్టు.

వాడు వంటింటి బల్ల దగ్గర తడి సాక్సులతో కూచుని టోస్ట్ తింటున్నాడు. నన్ను చూసి లేచి, వాడి సంచి ఎక్కడుందో వెతికి దానిమీద కూచున్నాడు. అంటే వస్తాననా, రాననా? నాకు తెలియలేదు. "రానంటున్నాడు, ఆదివారం రా" అంది బెవ్. ఆవిడకి మాత్రం ఎలా తెలుసు?

వాడికి అక్కడ ధైర్యం ఎలా వచ్చిందో అడిగితే ఆవిడకీ తెలియదు. మేడ మీద ఒక కుళాయి సరిగ్గా కట్టుకోదట, ఎప్పుడూ కారుతూనే ఉంటుందట. బాగుచేయించమని ఎన్నిసార్లు రాసినా కౌన్సిల్ పట్టించుకోలేదట. వాడు గుమ్మంలోకి రాగానే ఆ చప్పుడు విని నేరుగా పైకి పోయాడట.

వాణ్ణి వదిలేసి కారులో కూచున్నాను. నవ్వాలో ఏడవాలో తెలియక పార్కిన్ కేకు ముక్క ఉంటే తినేశాను. ఆపరేషన్‌కి సరేనని చెప్పాను.

ఇంకా ఏమీ అర్థం కాని అక్క,
గ్లెండా


ఓబన్,
డిసెంబర్ 3

అక్కా,

నిన్ను ఆసుపత్రి నుంచి ఇంట్లో దింపి, పక్కింటావిడకి అప్పగించి వచ్చానా, రైలుకి వెళ్తూ దారిలో టెంటర్ లేన్‌లో ఆగాను. నీకు సంతోషంగా ఉంటుందని రాస్తున్నాను.

ఇల్లంతా గందరగోళం. కీరన్ నన్ను చూశాడు, నా టోపీ తీసి తను పెట్టుకున్నాడు, మళ్ళీ తన పనిలో పడ్డాడు. పనేమిటంటే క్రిస్మస్ చెట్టుకి కట్టినవన్నీ విప్పడం. బెవ్ కట్టడం, వీడు విప్పడం. "నువ్వు నా ప్రాణం తీస్తున్నావురా నాయనా" అంటూనే మళ్ళీ కడుతోంది. ఇద్దరిలో ఎవరికి ఎక్కువ సరదాగా ఉందో నేను చెప్పలేను. వాడి గురించి నువ్వేం దిగులు పెట్టుకోకు. నీ గురించి అడగనే లేదు. టోపీ మాత్రం తిరిగి ఇవ్వలేదు.

బోడితల తమ్ముడు,
రోలండ్


హాలిఫాక్స్,
జనవరి 9

రోలండ్,

"నీ గురించి అడగనే లేదు" అని నువ్వు రాసిన ముక్క నెల రోజులుగా గుచ్చుకుంటూనే ఉంది. ఓదార్పుకే రాశావని తెలుసు. అయినా ఉత్తరం తిరగేసి పెట్టాను, ఆ వాక్యం కనపడకుండా.

ఈ ఆరు వారాలూ నేను బాగానే తిన్నాను, బాగానే నడిచాను. నిద్ర మాత్రం పట్టలేదు. ఇంట్లో అంత నిశ్శబ్దం నాకు అలవాటు లేదు. బెవ్ వారానికోసారి ఫోన్ చేసి వాడు విరగ్గొట్టినవన్నీ ఏకరువు పెట్టేది. ఆవిడ తిట్లు వింటే ప్రాణం లేచొచ్చేది. ఫోన్ పెట్టేశాక, ఇంకా తిడితే బాగుండుననిపించేది.

మంగళవారం వాణ్ణి బెవ్ తీసుకొచ్చి దింపింది. లోపలికొచ్చాడు. కోటు విప్పి కొక్కానికి తగిలించాడు. నా కొడుకు కోటు తగిలించడం ఎప్పుడైనా చూశావా నువ్వు? ముందు గదిలోకి వెళ్ళి, కిటికీ పక్క కుర్చీలో, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూచున్నాడు. బీన్స్ పెడితే తిన్నాడు. పడుకోమంటే పడుకున్నాడు.

నా ఇంట్లో, రోలండ్, నా కొడుకు బుద్ధిగా ఉన్నాడు.

నా నడక మారినందుకా, ఇల్లు చప్పుడు లేకుండా ఉన్నందుకా, వాణ్ణి వదిలేశాననా, నన్ను మరిచిపోయాడనా, ఏమీ తెలియదు. కుళాయి నేనే తిప్పాను. రాలేదు. వాడి పాట నేనే పాడాను. కిటికీ వైపు చూస్తూ ఉండిపోయాడు. బుధవారం కూడా అంతే. టీ ఇస్తే తాగాడు, కప్పు తెచ్చి చేతికిచ్చాడు. నేను వాడికి విన్నీ పిన్నినైపోయాను. తిరిగి బెవ్ దగ్గరికి పంపెయ్యాలా, పంపితే వాడు సంతోషిస్తాడా, నేను బతుకుతానా, ఇవే ఆలోచనలు. వాడి ఎదురుగా కూచుని గట్టిగానే అడిగాను, "అమ్మని రా, నేను అమ్మని. భయపడకు" అని. వాడు మోకాళ్ళ మీద చేతులు సరిచేసుకున్నాడు.

ఇవాళ పొద్దున వంటింట్లో చిరుగుతున్న చప్పుడు వినిపించి లేచాను. కర్ర పట్టుకుని వెళ్ళి చూద్దును కదా, అలమర తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. డబ్బాలన్నీ నేల మీద ఉన్నాయి. సూపు, పీచ్ ముక్కలు, టమాటాలు, పక్కింటి పిల్లి కోసం తెచ్చినవి, ఒక్కటి వదలకుండా అన్నింటి మీదా అతికించిన కాగితాలు పీకేశాడు. చుట్టూ కాగితాల కుప్ప. మధ్యలో నా కొడుకు చొక్కా లేకుండా, ముఖమంతా జిగురుతో కూచుని, నన్ను చూసి నవ్వాడు. చివరి డబ్బా మాత్రం పీకలేదు. నా చేతికిచ్చాడు. నన్ను పీకమని.

పీకాను. డాక్టరు ఇంకొన్నాళ్ళు వంగొద్దన్నాడు కాబట్టి స్టూలు మీద కూచుని పీకాను.

ఏ డబ్బాలో ఏముందో ఇప్పుడు దేవుడికే తెలియాలి. మధ్యాహ్నం ఒకటి తెరిస్తే పిల్లిది వచ్చింది, ఇంకొకటి తెరిస్తే పీచ్ ముక్కలు వచ్చాయి. పిల్లిది పక్కన పెట్టి ఇద్దరం పీచ్ ముక్కలే తిన్నాం. ఆదివారం రా, తమ్ముడూ. భోజనానికి ఏముంటుందని మాత్రం అడగకు.

మీ అక్క,
గ్లెండా